గాజువాక తమ్ముడికి: రోబోటిక్స్‌లో మాస్టర్స్ చేయాలా, చేస్తే ఎక్కడ, ఆ తర్వాత ఏ ఉద్యోగం?

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది, మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తా. గాజువాక కుర్రాడు, వైజాగ్‌లోనే ఒక ప్రైవేట్ కాలేజీలో మెకానికల్ మూడో సంవత్సరం, సీజీపీఏ 7.6, నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం, ఇంకో నాలుగేళ్లలో రిటైర్మెంట్. రోబోటిక్స్‌లో మాస్టర్స్ చేయాలని ఉంది. గేట్ రాయాలా అమెరికా వెళ్లాలా, మెకానికల్ వాళ్లకు ఇందులో చోటుందా, చదివాక ఏ ఉద్యోగం వస్తుంది, వైజాగ్‌లోనే ఉండే వీలుందా, క్యాంపస్‌కు ఐటీ కంపెనీ వస్తే చేరాలా, ఏ లాప్‌టాప్ కొనాలి. ఇవీ నువ్వు అడిగినవి. అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నా. నేను కూడా ఈ ఊళ్లోనే మెకానికల్ చదివి, తర్వాత రోబోటిక్స్‌లో మాస్టర్స్ చేసి, ఇప్పుడు గోడౌన్లలో తిరిగే రోబోల నావిగేషన్ టీమ్‌లో ఉన్నా. ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేయడం కూడా నా పనే, అందుకే ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఏం చూస్తారో అదే ఎక్కువ రాస్తా.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. రోబోటిక్స్ అనేది చదువు పేరే గానీ ఉద్యోగం పేరు కాదు. ఏ కంపెనీ ఖాళీల జాబితా తీసినా పర్సెప్షన్ (చుట్టూ ఏముందో సెన్సర్లతో గుర్తుపట్టడం), మోషన్ ప్లానింగ్ (ఎటు ఎలా కదలాలో తేల్చడం), కంట్రోల్స్ (అనుకున్నట్టే కదిలేలా చేయడం), ఎంబెడెడ్ (బోర్డు మీది చిప్‌లో నడిచే కోడ్), మెకానికల్ డిజైన్, టెస్టింగ్, ఫీల్డ్ సపోర్ట్ అని విడివిడిగా ఉంటాయి, ఒక్కోదానికి అడిగే ప్రశ్నలు వేరు, అడిగే మనుషులు వేరు. ఊరికే "రోబోటిక్స్ చేస్తా" అని బయల్దేరితే రెండేళ్ల తర్వాత అన్నీ కొంచెం కొంచెం వచ్చి ఏదీ గట్టిగా రాకుండా తేలతావు. అలాంటి రెజ్యూమెలు మా దగ్గరికి కుప్పలుగా వస్తాయి. గేటా, అమెరికానా అన్నది రెండో ప్రశ్న. ఇందులో నీ ముక్క ఏది అన్నది మొదటి ప్రశ్న. అది తేలితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

మా రోబోనే తీసుకో. మోకాలెత్తు కూడా ఉండదు, ర్యాక్ కిందకు దూరి దాన్ని ఎత్తుకుని పోతుంది. ఆ ఎత్తే యంత్రం, వందల కిలోల బరువు పడినా చాసిస్ వంగకుండా ఉండటం, నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా అన్ని చక్రాలూ నేలకు ఆనేలా సస్పెన్షన్ ఇవ్వడం, మోటార్ వేడెక్కకుండా చూడటం, ఇదంతా మెకానికల్ వాళ్ల పని. మోటార్ డ్రైవర్ బోర్డు మీద కరెంటును సెకనుకు వేల సార్లు సరిచేస్తూ ఉండే కోడ్ ఎంబెడెడ్ వాళ్లది. నేనిప్పుడు ఎక్కడున్నాను అని రోబోకు తెలిసేలా చేసేది లోకలైజేషన్, అక్కణ్నుంచి ఎటు పోవాలో తేల్చేది ప్లానింగ్. వంద రోబోలు ఒకే సందులో ఎదురుపడి ఇరుక్కోకుండా చూసేది అచ్చంగా కంప్యూటర్ సైన్స్ పని. మనిషి అడ్డం వస్తే ఆగి తీరాలి, దానికి సేఫ్టీ లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్), దాని వెనక ప్రమాణాలు, సర్టిఫికేషన్, అదొక ప్రత్యేకమైన ఉద్యోగం. మన పిల్లలెవరూ ఈ సేఫ్టీ పేరే ఎత్తరు, అది తెలిసినవాళ్లు దొరకడం మాత్రం మాకు ఎప్పుడూ కష్టమే.

మెకానికల్ వాళ్లకు చోటుందా అన్నావు. ఉంది, రెండు దారుల్లో ఉంది. ఒకటి మెకానికల్‌లోనే ఉండి డిజైన్ చేయడం: గేర్‌బాక్సులు, యాక్చుయేటర్లు (కీళ్లను కదిలించే మోటార్ల లాంటివి), టాలరెన్సులు, బరువు తగ్గించడం. ఇప్పుడు హ్యూమనాయిడ్లు, అంటే మనిషి ఆకారంలో ఉండే రోబోలు చేస్తామని బయల్దేరిన ప్రతి కంపెనీకీ చిన్నగా, తేలిగ్గా, బలంగా ఉండే కీళ్లు కావాలి, ఆ పని కోడ్ రాసేవాళ్ల వల్ల కాదు. ఈ దారిలో వెళ్తానంటే క్యాడ్ బొమ్మ గీసి ఊరుకోకు, గాజువాక ఆటోనగర్ నీకు పక్కనే ఉంది, నువ్వు గీసిన షాఫ్ట్ తీసుకెళ్లి లేత్ మీద తిప్పించు. బేరింగ్ దాంట్లోకి దిగకపోతే మేస్త్రీ నీకు చెప్పేది ఏ సిలబస్‌లోనూ ఉండదు. రెండోది కంట్రోల్స్, ప్లానింగ్ వైపు దాటడం. రోబో చెయ్యి కదలికను లెక్కగట్టడానికి ఇప్పటికీ అందరూ నేర్చుకునే డీహెచ్ పారామీటర్లు 1955లో డెనావిట్, హార్టెన్‌బర్గ్ అనే ఇద్దరు రాసినవి, మెషీన్ల కదలిక చదివేవాళ్ల నుంచి వచ్చినవే. కైనమాటిక్స్, డైనమిక్స్, వైబ్రేషన్స్ నీకు వచ్చు, సీఎస్ఈ వాళ్లకు రావు. వాళ్లకు వచ్చి నీకు రానిది సీ ప్లస్ ప్లస్. ఈ మాట నొప్పించినా చెప్పాల్సిందే: పైథాన్‌లో నాలుగు లైన్లు రాసి కోడింగ్ వచ్చనుకుంటే ఇంటర్వ్యూ మొదటి పది నిమిషాల్లోనే బయటపడిపోతుంది.

నేను తరచూ అడిగే ప్రశ్న ఒకటి చెప్తా, దాన్నిబట్టి ఏ లెక్కలు కావాలో నీకే అర్థమవుతుంది. రోబో ముందుకు కదిలింది. చక్రం ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ 100 సెంటీమీటర్లు కదిలానంటోంది, లైడార్ గోడను చూసి 90 సెంటీమీటర్లే అంటోంది. ఎవర్ని నమ్ముతావు? చాలామంది లైడార్ అంటారు, కొందరు సగటు తీసి 95 అంటారు. నేను ఎదురుచూసేది, "దేనికి ఎంత తప్పు రావచ్చో ముందు చెప్పండి" అనే ఎదురు ప్రశ్న. సరే, ఎన్‌కోడర్ స్టాండర్డ్ డీవియేషన్, అంటే మామూలుగా అటూ ఇటూ వచ్చే తప్పు, 5 సెంటీమీటర్లు, లైడార్‌ది 2 అనుకో. వేరియన్స్ అంటే దాని వర్గం, 25, 4. ఒకటిని దానితో భాగిస్తే ఒక్కోదానికి ఇవ్వాల్సిన బరువులు 0.04, 0.25. లెక్క కడితే 91.4 వస్తుంది, లైడార్ చెప్పినదానికి దగ్గరగా, కానీ ఎన్‌కోడర్ మాటను పూర్తిగా తీసిపారేయకుండా. ఇంకా అందమైన విషయం ఏంటంటే, ఈ జవాబు తాలూకు డీవియేషన్ 1.86, అంటే రెండు సెన్సర్లలో మంచిదానికంటే కూడా తక్కువ. చెడ్డ సెన్సర్ కూడా పనికొచ్చిందన్నమాట. 1960లో కాల్మన్ రాసిన ఫిల్టర్ గుండెకాయ ఇదే, కదులుతున్న వస్తువుకు ఇదే పని మళ్లీ మళ్లీ చేస్తుంది. దీన్ని బట్టీ పట్టి చెప్పేవాళ్లు వేరు, ఇలా కాగితం మీద కట్టి చూపించేవాళ్లు వేరు. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, ఈ రెండూ బీటెక్ మొదటి సంవత్సరంలో పాసైపోయి మర్చిపోయావు, ఇప్పుడు మళ్లీ తీయి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో ఉచితంగానే ఉన్నాయి.

ఇక చదువు సంగతి. మాస్టర్స్ రెండు రకాలు, దీన్ని కన్సల్టెన్సీ వాళ్లు ఎవరూ విడమర్చి చెప్పరు. ఒకటి రీసెర్చ్, థీసిస్ ఉంటుంది, ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో కూర్చుని ఒక్క సమస్యను తవ్వాలి. ఇంకోటి కోర్సులు, ప్రాజెక్టులు, నేరుగా ఉద్యోగానికి. కార్నెగీ మెలన్‌నే తీసుకో, రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే. అక్కడ ఎంఎస్ఆర్ అనేది థీసిస్ డిగ్రీ, ఎంఆర్ఎస్‌డీ అనేది ఒక ప్రాడక్టును మొదట్నుంచి చివరిదాకా టీమ్‌తో కట్టే డిగ్రీ, రెంటికీ పేరులో రోబోటిక్స్ ఉంది, బయటికొచ్చే మనుషులు మాత్రం వేరువేరు. అన్నట్టు ఆ ఇన్‌స్టిట్యూట్‌ను 1979లో మొదలుపెట్టినప్పుడు తొలి డైరెక్టర్ మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు, 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది ఆయనకే. అదే 1979లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో గ్రాస్ప్ అనే రోబోటిక్స్ ల్యాబ్ పెట్టారు. మిషిగన్ యూనివర్సిటీ 2022లో రోబోటిక్స్‌కు ఏకంగా ప్రత్యేక డిపార్ట్‌మెంటే తెచ్చింది. పీహెచ్‌డీ చేసి రీసెర్చ్‌లో ఉండాలనుకుంటే థీసిస్ లేని డిగ్రీ మీద డబ్బు పెట్టకు. ఉద్యోగమే కావాలంటే థీసిస్ కోసం పాకులాడక్కర్లేదు.

మన దేశంలో చూస్తే, బెంగళూరు ఐఐఎస్సీలో రోబోటిక్స్ అండ్ అటానమస్ సిస్టమ్స్ ఎం.టెక్ ఉంది, ఐఐటీ ఢిల్లీలో రోబోటిక్స్ ఎం.టెక్ ఉంది, ఐఐటీ జోధ్‌పూర్‌లో రోబోటిక్స్ అండ్ మొబిలిటీ సిస్టమ్స్ ఉంది, వీటికి గేట్ కావాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో రోబోటిక్స్ రీసెర్చ్ సెంటర్ ఉంది, అక్కడ రీసెర్చ్ ఎంఎస్‌కు వాళ్ల సొంత పరీక్ష పీజీఈఈ రాయాలి, తర్వాత ఇంటర్వ్యూ. పర్సెప్షన్, ప్లానింగ్ వైపు మనసు పోతే తెలుగు పిల్లలకు ఇంత దగ్గర్లో ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం. ఐఐటీ హైదరాబాద్‌లో తిహాన్ అని డ్రైవర్ లేని వాహనాల టెస్ట్‌బెడ్ ఉంది, అక్కడ మామూలు మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ ఎం.టెక్‌లో చేరినా ఆ పని చేసే ప్రొఫెసర్ దగ్గరికి చేరుకోవచ్చు. ఇది చాలామందికి తట్టదు. డిగ్రీ పేరులో రోబోటిక్స్ ఉండాలని పట్టుబడతారు, మంచి రోబోటిక్స్ ల్యాబులు సగం మెకానికల్, ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్లలోనే కూర్చుని ఉన్నాయి. ప్రొఫెసర్ల పేజీలు చదువు, గత రెండు మూడేళ్లలో ఏం పేపర్లు రాశారో చూడు, అక్కడ చదివినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో వెతుకు. ర్యాంకింగ్ పట్టికలకంటే అదే ఎక్కువ చెప్తుంది.

డబ్బు దగ్గరికి వద్దాం, అసలు తేడా అక్కడే వస్తుంది. గేట్‌తో ఎం.టెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది, తక్కువే, కానీ ఇంటి నుంచి పెద్దగా తెప్పించుకోకుండా బండి నడిచిపోతుంది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అమెరికాలో పెద్ద ప్రైవేట్ యూనివర్సిటీ అయితే రెండేళ్లకు ఫీజు, ఖర్చులు కలిపి కోటి రూపాయలు దాటుతుంది, స్టేట్ యూనివర్సిటీ అయితే అంతకన్నా తగ్గుతుంది. నువ్వు 60 లక్షల లోన్ తీసుకున్నావనుకో, వడ్డీ 11 శాతం, పదేళ్లు. నెలకు కట్టాల్సింది 82,600 పైచిలుకు. చదివే రోజుల్లో కలిసిన వడ్డీ ఇందులో లేదు. నీ బీటెక్ అయి, ఎంఎస్ రెండేళ్లయి, కిస్తీలు మొదలయ్యే సమయానికి నాన్నగారు రిటైరవుతారు. అక్కడ ఉద్యోగం వస్తే ఈ కిస్తీ లెక్కలోకే రాదు, రాకుండా ఇండియాకు తిరిగొస్తే మాత్రం ఇక్కడి జీతంలో అది కొండంత. ఇంట్లో ఈ అంకె కాగితం మీద పెట్టి నాన్నగారితో కూర్చుని మాట్లాడు. "అందరూ వెళ్తున్నారు కదా" అన్న మాటకు బ్యాంకు వాడు వడ్డీ తగ్గించడు.

అమెరికాలో ఉద్యోగం విషయంలో ఇంకో రెండు సంగతులు. ఎంఎస్ అయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి, ఒక ఏడాది, స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్) డిగ్రీ కాబట్టి ఇంకో రెండేళ్లు, మొత్తం మూడేళ్లు పనిచేయొచ్చు. తర్వాత హెచ్-1బీ వర్క్ వీసా, ఏడాదికి 85 వేల కోటా. 2025 సెప్టెంబర్‌లో కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టారు, అక్కడే చదువుకుని స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు, అయినా రూల్స్ ఇలా మారుతున్నప్పుడు నువ్వు చదువు ముగించే నాటికి ఏముంటుందో దానిమీద పందెం కాయకు. రెండోది రోబోటిక్స్‌కే ప్రత్యేకం, చాలామందికి అక్కడికి వెళ్లాక గానీ తెలియదు. రక్షణ, అంతరిక్షం, వాటి చుట్టూ ఉండే డ్రోన్లు, నీటి అడుగున తిరిగే వాహనాలు, ఇవి చాలావరకు అక్కడి ఎగుమతి చట్టాల కిందికి వస్తాయి, సిటిజన్లకో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకో తప్ప మామూలుగా ఆ ఉద్యోగాలు ఇవ్వరు. అంటే నీకు మిగిలేది గోడౌన్లు, కార్లు, ఆస్పత్రి రోబోలు, ఫ్యాక్టరీలు. అవీ తక్కువేం కాదు, ఆ సంగతి ముందే తెలిసి వెళ్తే నీ ముక్కను దానికి తగ్గట్టు ఎంచుకుంటావు.

ఒక దారి మాత్రం మనవాళ్లు పట్టించుకోరు. అమెరికాలో పీహెచ్‌డీకి మాస్టర్స్ ఉండి తీరాలని లేదు, బీటెక్‌తోనే అప్లై చేయొచ్చు, సీటు వస్తే మామూలుగా ఫీజు వాళ్లే కట్టి స్టైపెండ్ కూడా ఇస్తారు. కానీ రీసెర్చ్ అనుభవం లేకుండా రావడం కష్టం. అందుకే నేను చెప్పేది, బీటెక్ అయ్యాక ఐఐఎస్సీలోనో ట్రిపుల్ ఐటీలోనో ఏదైనా ల్యాబ్‌లో ఒక ఏడాది ప్రాజెక్ట్ అసోసియేట్‌గా చేరు, తర్వాత అప్లై చెయ్యి. జీతం తక్కువే, అప్పు మాత్రం ఉండదు.

జర్మనీ కూడా ఆలోచించు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో రోబోటిక్స్, కాగ్నిషన్, ఇంటెలిజెన్స్ అని మాస్టర్స్ ఉంది, అయితే 2024 శీతాకాలం సెమిస్టర్ నుంచి యూరప్ బయటివాళ్లకు అక్కడ ఫీజు పెట్టారు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇప్పటికీ ట్యూషన్ ఫీజు లేదు. ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా) చూపించాలి, మన మార్కుల కాగితాలు అసలైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలలు ఇస్తారు. కోర్సు ఇంగ్లీషులోనే ఉంటుంది, ఉద్యోగం మాత్రం చాలాచోట్ల జర్మన్ అడుగుతుంది, ముఖ్యంగా మెషీన్లు తయారుచేసే మధ్యతరహా కంపెనీల్లో. మెకానికల్ వాడివి కాబట్టి నీకు ఇది అమెరికా కంటే బాగా నప్పుతుందని నాకనిపిస్తోంది. భాష ఇప్పుడే మొదలుపెడితే.

ఇక్కడే చదివి ఇక్కడే ఉంటానంటే ఉద్యోగాలు ఎక్కడున్నాయి? అంకెల్లో ఎక్కువ ఉన్నవి ఫ్యాక్టరీ ఆటోమేషన్‌లో. 2024లో ప్రపంచం మొత్తం కొత్తగా పెట్టిన పారిశ్రామిక రోబోలు సుమారు 5 లక్షల 42 వేలు, అందులో సగానికి పైగా చైనాలోనే, మన దేశంలో 9 వేల పైచిలుకు. మనది చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ దేశాల వరసలో ఆరో స్థానం. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు వెల్డింగ్ షాపు లాంటిచోట్ల పని ఎలా ఉంటుందంటే, టీచ్ పెండెంట్ అనే రిమోట్ లాంటిది చేత్తో పట్టుకుని, రోబో చెయ్యిని మిల్లీమీటరు మిల్లీమీటరు జరుపుతూ ఒక్కో పాయింటూ నేర్పించాలి, లైన్ ఆగిందంటే అర్ధరాత్రైనా ఫోన్ వస్తుంది. ఫానక్, ఏబీబీ, కూకా, యాస్కావా, ఈ కంపెనీల రోబోల్లో ఏదో ఒకటి, దాంతోపాటు ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే పీఎల్‌సీ అనే కంట్రోలర్ వస్తే పని దొరుకుతుంది. దీనికి మాస్టర్స్ అక్కర్లేదు. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు, నేను చూడను. లైన్ మీద రెండేళ్లు పనిచేసి తర్వాత మాస్టర్స్‌కు వెళ్లినవాళ్లకు అసలు రోబో ఎక్కడ ఆగిపోతుందో తెలుసు, ల్యాబ్‌లోనే పెరిగినవాళ్లకు తెలియదు.

మాస్టర్స్ పనికొచ్చేది ప్రాడక్టు కంపెనీల్లో. గోడౌన్ రోబోలకు గ్రే ఆరెంజ్, అడ్వెర్బ్, ఫ్యాక్టరీలో సరుకు మోసే బండ్లకు అతి మోటార్స్, డ్రోన్లకు ఐడియాఫోర్జ్, మ్యాన్‌హోళ్లలోకి మనిషి దిగే అవసరం లేకుండా చేసిన బ్యాండికూట్ తయారుచేసిన జెన్‌రోబోటిక్స్. ఎక్కువగా బెంగళూరు, పుణె, నోయిడా, ముంబై, కొంత హైదరాబాద్. ఒక్క హెచ్చరిక. ఈ రంగంలో కంపెనీలు మూతపడటం మామూలే. రోబో సాఫ్ట్‌వేర్ కట్టడానికి అందరం వాడే రాస్ పెరిగి పెద్దదైన విల్లో గ్యారేజ్ 2014లో ఆగిపోయింది, రీథింక్ రోబోటిక్స్ 2018లో, ఆర్గో ఏఐ 2022లో మూసేశారు, క్రూజ్ రోబోటాక్సీకి 2024 డిసెంబర్‌లో జనరల్ మోటార్స్ డబ్బు ఆపేసింది. ఇప్పుడు హ్యూమనాయిడ్ల జోరు చూసి నాకు అదే గుర్తొస్తుంది. కంపెనీ పోయినా అక్కడ నేర్చుకున్న కంట్రోల్స్, పర్సెప్షన్ నీతోనే వస్తాయి కాబట్టి భయపడాల్సిన పనిలేదు, కానీ స్టార్టప్ ఆఫర్ లెటర్‌లో షేర్ల విలువ చూసి లోన్ తీర్చే లెక్కలు వేయకు.

వైజాగ్‌లోనే ఉండాలంటే? నిజం చెప్పాలంటే గోడౌన్ రోబోలు, డ్రైవర్ లేని కార్లు ఇక్కడ లేవు. ఇక్కడున్నది సముద్రం. 1969 నుంచీ ఉన్న ఎన్ఎస్‌టీఎల్, నేవీ కోసం పనిచేసే డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) ల్యాబ్, టార్పెడోలతోపాటు నీటి అడుగున తనంతట తాను తిరిగే వాహనాల మీద పనిచేస్తుంది. హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్, రెండు పోర్టులు. ఓడ అడుగుభాగం చూడటం, శుభ్రం చేయడం, జెట్టీ స్తంభాలు తనిఖీ చేయడం, పైపులైన్లు, ఇవన్నీ ఇప్పటికీ ఎక్కువగా డైవర్లు దిగి చేస్తున్నారు.

నీళ్లలో రోబో అంటే నేల మీద నేర్చుకున్నది సగం పనికిరాదు, అదే దాని అందం. జీపీఎస్ నీళ్లలోకి రాదు. వైఫై కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది. మాట్లాడాలంటే శబ్దమే దిక్కు, అది నీళ్లలో సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, అంటే 750 మీటర్ల దూరంలో ఉన్న వాహనాన్ని ఏదైనా అడిగితే జవాబు వచ్చేసరికి ఒక సెకను, అదీ కిలోబిట్ల వేగంతో, వీడియో మాటే మర్చిపో. హార్బర్ దగ్గర నీళ్లు బురదగా ఉంటాయి కాబట్టి కెమెరా ముందు అరచెయ్యి పెట్టినా మసకగానే కనిపిస్తుంది, శబ్దంతో చూసే సోనార్ కావాలి. ఎంత దూరం కదిలానో తెలియడానికి అడుగు నేల మీదికి శబ్దం కొట్టి, తిరిగొచ్చిన దాని ఫ్రీక్వెన్సీ తేడా నుంచి వేగం లెక్కగట్టే డీవీఎల్ అనే సెన్సర్ వాడతారు, చాలా ఖరీదు. ఇంత చేసి, మూత బిగించేటప్పుడు నీళ్లు రాకుండా వేసే రబ్బరు ఓ-రింగ్ మీద ఒక్క ఇసుక రేణువు ఉండిపోయిందనుకో, ఉప్పునీళ్లు లోపలికి చేరి బోర్డు మొత్తం పోతుంది. మెకానికల్ వాడికి ఇంతకంటే చేతినిండా పని ఇంకే రోబోలో ఉంది చెప్పు? సీలింగ్, ఒత్తిడి, తేలే బలం, ప్రొపెల్లర్, తుప్పు, అన్నీ నీ సబ్జెక్టులే. ఇప్పటిదాకా నువ్వు రాసినదాన్నిబట్టి నీ ముక్క ఇదేమోనని నా అనుమానం.

ఈ దారిలో ఎన్ఎస్‌టీఎల్‌కు బీటెక్ ప్రాజెక్టు విద్యార్థిగా అడగొచ్చు, కాలేజీ ద్వారా లెటర్ పెట్టించు, ముందుగానే. గేట్ ఉంటే జేఆర్ఎఫ్‌గా (జూనియర్ రీసెర్చ్ ఫెలో) చేరొచ్చు, నెలకు 37 వేలు, దానిమీద హెచ్ఆర్ఏ. సైంటిస్ట్ బీ పోస్టులకు డీఆర్‌డీఓ వాళ్ల నియామక విభాగం ఆర్ఏసీ గేట్ స్కోరు, ఇంటర్వ్యూ చూసి తీసుకుంటుంది, లెవెల్ 10, బేసిక్ 56,100. పోస్టింగ్ ఇక్కడే వస్తుందని గ్యారంటీ లేదు. బయట చెన్నైలో సముద్ర టెక్నాలజీ సంస్థ ఎన్ఐఓటీ ఉంది, మనుషుల్ని ఆరు వేల మీటర్ల లోతుకు తీసుకెళ్లడానికి రూపొందించిన మత్స్య 6000 వాళ్లదే. ఐఐటీ మద్రాస్ నుంచి వచ్చిన ప్లానిస్, కొచ్చిలో ఐరోవ్, ఈ రెండూ నీటి అడుగు తనిఖీ రోబోలు చేసే కంపెనీలు. అంటే అమెరికాలో నీకు తలుపులు మూసి ఉండే పని ఇక్కడ తెరిచి ఉంది. గేట్ రాయమని నేను చెప్పేది అందుకే, ఒక్క పరీక్షతో ఎం.టెక్, జేఆర్ఎఫ్, డీఆర్‌డీఓ మూడింటికీ దారి. ఎంఎస్ అప్లికేషన్లు కావాలంటే పక్కనే పెట్టుకో.

ఇప్పుడు మూడో సంవత్సరంలో ఏం చేయాలి. నలుగురు కలిసి ఒక చిన్న రోబో కట్టండి: ఎన్‌కోడర్లున్న రెండు గేర్ మోటార్లు, ఒక రాస్‌ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు), ఒక చౌక రకం టూడీ లైడార్. దానికి ముందు డబ్బు లేకుండా సిమ్యులేషన్‌లో టర్టిల్‌బాట్ అనే నేర్చుకునే రోబోను నడిపించండి. రాస్ 2 నేర్చుకో, జాజీ వెర్షన్, ఉబుంటు 24.04 మీద. వీడియోలో రాస్‌కోర్ అని టైప్ చేయమంటే అది పాతది, రాస్ 1 సపోర్ట్ 2025 మేలో ముగిసిపోయింది, వెంటనే మూసెయ్. తర్వాత కట్టిన రోబోను కాలేజీ కారిడార్‌లో తిప్పండి. సిమ్యులేషన్‌లో చక్కగా వచ్చిన మ్యాప్ ఇక్కడ అరటికాయలా వంగిపోతుంది, ఎందుకంటే నున్నటి టైల్స్ మీద చక్రం జారుతుంది, ఎన్‌కోడర్‌కు ఆ సంగతి తెలియదు. ప్రిన్సిపల్ రూమ్ అద్దం తలుపు లైడార్‌కు కనిపించదు, అక్కడ దారి ఉందనుకుని నేరుగా దూసుకుపోతుంది. ఇవి ఎలా పట్టుకున్నారో, ఎలా సరిచేశారో డేటాతో సహా రాసిపెట్టుకో. అప్లికేషన్‌తో పంపే ఎస్ఓపీ వ్యాసంలో "చిన్నప్పట్నుంచీ రోబోలంటే ఇష్టం" అన్న వాక్యం ప్రతివాడూ రాస్తాడు, ఆ అద్దం తలుపు సంగతి నువ్వొక్కడివే రాస్తావు. ఆ పని దగ్గరుండి చూసిన మీ సార్ రాసే రికమండేషన్‌కు కూడా బరువుంటుంది. 7.6 తక్కువేం కాదు, దానికోసం కుమిలిపోకు.

డ్రోన్ కొని బీచ్‌లో ఎగరేద్దామని మాత్రం అనుకోకు. ఇది నేవీ ఊరు, నేవీ విమానాల స్థావరం ఐఎన్ఎస్ డేగా ఊళ్లోనే ఉంది. ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్ తీసి అనుమతి లేకుండా ఎగరేయకూడని రెడ్ జోన్ ఎక్కడిదాకా ఉందో చూసుకో, అనుమతి లేకుండా ఎగరేస్తే కేసవుతుంది.

ద్వారకానగర్‌లో ఏ మెట్లెక్కినా కన్సల్టెన్సీయే. ఫీజు తీసుకోం, ఫ్రీ అంటారు, అలా అన్నవాళ్లకు చాలావరకు యూనివర్సిటీల నుంచే కమిషన్ వస్తుంది, కాబట్టి వాళ్ల లిస్టులో కమిషన్ ఇచ్చే యూనివర్సిటీలే ముందుంటాయి. వీసా కాగితాలకు వాడుకో, యూనివర్సిటీ ఎంపిక వాళ్ల చేతిలో పెట్టకు.

క్యాంపస్‌కు ఐటీ కంపెనీ వస్తే తీసుకో. చేరాక జీతం వస్తుంది, గేట్ మళ్లీ రాయొచ్చు, సీ ప్లస్ ప్లస్ పని దొరికితే ఇంకా మంచిది. బాండ్ ఉందేమో మాత్రం సంతకం పెట్టేముందు చదువు.

లాప్‌టాప్‌కు 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ చాలు, ఉబుంటు డ్యూయల్ బూట్ పెట్టు. మ్యాక్ వద్దు, రాస్ దాని మీద తలనొప్పి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు ఐజాక్ సిమ్ అనే సిమ్యులేటర్ వాడితేనే కావాలి, గెజీబో అనే సిమ్యులేటర్‌కు అక్కర్లేదు, డీప్ లెర్నింగ్‌కు మొదట్లో ఆన్‌లైన్‌లో ఉండే గూగుల్ కోలాబ్ సరిపోతుంది. ఇప్పుడు నీ దగ్గరున్నది 8 జీబీదైతే కొత్తది కొనకుండా ర్యామ్ వేయించుకో, మిగిలిన డబ్బుతో లైడార్ వస్తుంది.